అమెరికాలో క్యారియర్ దగ్గర ఫోన్ కొనే ముందు: ‘ఫ్రీ’ లెక్క నుంచి అన్‌లాక్ దాకా

అమెరికాలో ఏ మొబైల్ కంపెనీ (ఇక్కడ ‘క్యారియర్’ అంటారు) షాపుకి వెళ్లినా అద్దాల మీద ఒకటే రాత కనిపిస్తుంది: కొత్త ఐఫోన్ ఫ్రీ, కొత్త గెలాక్సీ ఫ్రీ. ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్లకి ఇక్కడే మొదటి తికమక. మనకి ఫోను వేరు, సిమ్ వేరు. ఫోను ఏ షాపులోనో, ఆన్‌లైన్‌లోనో కొంటాం, జియోనో ఎయిర్‌టెల్లో వేసుకుంటాం, నచ్చకపోతే మార్చేస్తాం. ఇక్కడ ఆ రెండింటినీ ముడివేసి అమ్ముతారు. ఆ ముడి ఎక్కడ పడుతుందో, దాన్ని ఎప్పుడు విప్పుకోవచ్చో ముందే తెలుసుకుంటే టెన్షన్ లేకుండా బయటపడొచ్చు. చదువుకోవడానికి వచ్చినవాళ్లు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు, తల్లిదండ్రులకి ఇక్కడి నుంచి ఫోను తీసుకెళ్దామనుకునేవాళ్లు కొనే ముందు ఒకసారి ఇది పూర్తిగా చదవండి.

కొంచెం వెనక్కి వెళ్దాం. ఒకప్పుడు ఇక్కడ రెండేళ్ల కాంట్రాక్టు మీద సంతకం పెడితే ఖరీదైన ఫోను కూడా 200 డాలర్లకి ఇచ్చేవారు. మధ్యలో మానేస్తే జరిమానా. 2013లో టీ-మొబైల్ ఆ పద్ధతిని ఎత్తేసింది. 2015లో వెరైజాన్, 2016 జనవరిలో ఏటీ అండ్ టీ అదే దారి పట్టాయి. కాంట్రాక్టులు పోయాయని అందరూ అనుకున్నారు. వాటి స్థానంలో వాయిదాలు, వాటికి తోడు ‘బిల్ క్రెడిట్లు’ వచ్చాయి. వెరైజాన్, ఏటీ అండ్ టీ దగ్గర ఈ వాయిదాలు ఇప్పుడు 36 నెలలు, టీ-మొబైల్ దగ్గర ఎక్కువగా 24 నెలలు. అంటే పాత కాంట్రాక్టు కన్నా కొత్త ముడే పొడుగు.

1. ఇంకా ఎన్నాళ్లు ఇక్కడ ఉంటారో ముందు తేల్చుకోండి

ఫోను మోడల్ కన్నా ముందు చూసుకోవాల్సింది ఇదే. షాపులో ఎవరూ మిమ్మల్ని ఈ ప్రశ్న అడగరు.

‘ఫ్రీ’ ఫోను ఎలా పనిచేస్తుందో చూడండి. ఫోను ధర 1,000 డాలర్లు అనుకుందాం. దాన్ని 36 వాయిదాలుగా కోస్తారు. నెలకి 27.78 డాలర్లు మీ బిల్లులో పడుతుంది. అదే బిల్లులో, కింద ఇంకో గీతలో, 27.78 డాలర్లు క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది. రెండూ కొట్టుకుపోయి సున్నా కనిపిస్తుంది. మీ పేరు మీద 1,000 డాలర్ల అప్పు మాత్రం మొదటి రోజే రాసేశారు. ఆ అప్పుని కంపెనీ నెలనెలా కొంచెం కొంచెంగా మాఫీ చేస్తుంది, అంతే.

పద్నాలుగో నెలలో మీరు లైన్ తీసేశారనుకోండి. అప్పటిదాకా మాఫీ అయింది సుమారు 389 డాలర్లు. మిగిలిన 611 డాలర్లు ఆ వెంటనే వచ్చే బిల్లులో ఒకేసారి పడతాయి. జరిమానా అనే మాట ఎక్కడా కనిపించదు, జేబులోంచి పోయేది మాత్రం అదే.

ఇప్పుడు మన పరిస్థితులు చూడండి. ఎంఎస్ రెండేళ్లు. తర్వాత ఓపీటీ (చదువు అయ్యాక స్టూడెంట్ వీసా మీదే పనిచేసే అనుమతి), ఉద్యోగం ఏ రాష్ట్రంలో వస్తుందో తెలియదు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. ఇల్లు ఖాళీ చేయడం, కారు అమ్మడం, పిల్లల బడి వ్యవహారాలు అన్నీ ఆ 60 రోజుల్లోనే. దానికి తోడు భార్యాభర్తల రెండు ఫోన్ల మీద వెయ్యి డాలర్లకి పైగా బాకీ కట్టాల్సి రావడం చిన్న దెబ్బ కాదు. మూడేళ్లు ఇక్కడే, ఇదే కంపెనీతో, ఇదే ప్లాన్‌లో ఉంటానని గట్టిగా చెప్పలేనివాళ్లు 36 నెలల డీల్ జోలికి వెళ్లొద్దన్నది నా గట్టి అభిప్రాయం.

‘ఇదే ప్లాన్’ అన్న మాట ఊరికే వాడలేదు. చాలా ఆఫర్లు ఖరీదైన అన్‌లిమిటెడ్ ప్లాన్లకే వర్తిస్తాయి. ఆరు నెలల తర్వాత ఖర్చు తగ్గించుకుందామని చిన్న ప్లాన్‌కి దిగితే క్రెడిట్లు ఆగిపోవచ్చు. కొనేటప్పుడే అడగండి: ‘ఈ క్రెడిట్ రావాలంటే ఏ ప్లాన్లలో ఉండాలి, ఏ ప్లాన్‌కి మారితే పోతుంది?’

2. కాగితం మీద లెక్క వేయండి

నెలకి ఎంత అని చూడొద్దు. మొత్తం కాలానికి ఎంత అని చూడండి. ఉదాహరణకి ఒంటరిగా ఉండే మనిషి లెక్క ఇది. అంకెలు సులువుగా ఉండేలా తీసుకున్నాను, మీ ఊళ్లో మీకు చెప్పిన ధరలు పెట్టి మళ్లీ వేసుకోండి.

క్యారియర్ దగ్గర: ఒక లైన్‌కి పెద్ద అన్‌లిమిటెడ్ ప్లాన్ నెలకి 85 డాలర్లు. 36 నెలలకి 3,060. ఫోను ‘ఫ్రీ’. యాక్టివేషన్ ఫీజు 35. ఫోను పూర్తి ధర మీద 8.25 శాతం సేల్స్ ట్యాక్స్ 82.50. మొత్తం 3,177.50 డాలర్లు.

విడిగా: అదే ఫోను అన్‌లాక్డ్‌గా, అంటే ఏ కంపెనీ సిమ్ అయినా పడేలా, 1,000. ట్యాక్స్ 82.50. నెలకి 25 డాలర్ల ప్రీపెయిడ్ ప్లాన్, 36 నెలలకి 900. మొత్తం 1,982.50 డాలర్లు.

తేడా 1,195 డాలర్లు. ఫ్రీగా వచ్చిన ఫోను ధర కన్నా ఎక్కువ. పైగా 1,000 డాలర్ల ఫోను కొనాలని రూలేమీ లేదు. విడిగా కొనేటప్పుడు 500 డాలర్ల ఫోనో, ఆపిల్ సొంతంగా అమ్మే రీఫర్బిష్డ్ (వెనక్కి వచ్చినదాన్ని బాగుచేసిన) ఫోనో తీసుకోవచ్చు. దానికి ఏడాది వారంటీ ఉంటుంది, అన్‌లాక్డ్‌గానే వస్తుంది.

ట్యాక్స్ దగ్గర చాలామంది ఉలిక్కిపడతారు. ఫోను ఫ్రీ అన్నారు కదా, ఇప్పుడీ డబ్బులెందుకు అని. చాలా రాష్ట్రాల్లో ఫోను అసలు ధర మీద ట్యాక్స్ మొదటి రోజే కట్టాలి. ఆ ఫోను మీకు ఎంతకి పడిందన్నది చూడరు. ఓరెగాన్, డెలావేర్, న్యూ హ్యాంప్‌షైర్, మోంటానాలలో సేల్స్ ట్యాక్స్ లేదు కాబట్టి అక్కడివాళ్లకి ఈ ఖర్చు తగలదు.

అయితే క్యారియర్ డీల్ ఎప్పుడూ నష్టమేనని అనను. కుటుంబంలో నలుగురికీ లైన్లు కావాలంటే ఒక్కో లైన్ ధర బాగా తగ్గుతుంది. లైన్‌కి 45 పడిందనుకుంటే 36 నెలలకి 1,620, ఫీజు, ట్యాక్స్ కలిపి 1,737.50. విడిగా కొంటే అయ్యే 1,982.50తో పోలిస్తే ఒక్కో లైన్ మీద 245 డాలర్లు మిగులు. గ్రీన్ కార్డు ఉండి, ఇల్లు కొనుక్కుని, ఊరు కదలని కుటుంబానికి ఇది మంచి బేరమే. అదే బేరం నిన్న దిగిన విద్యార్థికి గుదిబండ.

చవక ప్లాన్ల గురించి ఒక మాట. మింట్, విజిబుల్, క్రికెట్, యూఎస్ మొబైల్, గూగుల్ ఫై లాంటివి సొంత టవర్లు లేకుండా ఆ మూడు పెద్ద కంపెనీల నెట్‌వర్క్ మీదే నడుస్తాయి. మింట్ టీ-మొబైల్ మీద, విజిబుల్ వెరైజాన్ మీద, క్రికెట్ ఏటీ అండ్ టీ మీద. సిగ్నల్ అదే. కాకపోతే జనం కిక్కిరిసిన చోట, అంటే స్టేడియంలోనో పెద్ద పండగ సభలోనో, పెద్ద ప్లాన్ వాళ్ల డేటాకి ముందు దారి ఇచ్చి ఈ చవక ప్లాన్లలో చాలావాటిని వెనక్కి నెడతారు. రోజువారీ వాడకానికి చాలామందికి ఆ తేడా తెలియదు. కొన్నింటిలో నెల రేటు మూడు నెలలకో, ఏడాదికో ముందే కడితేనే వర్తిస్తుంది, అది చూసుకోండి.

2024 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు ప్రతి ఇంటర్నెట్ ప్లాన్ పక్కన ఒక లేబుల్ చూపించాలి. తినే వస్తువుల ప్యాకెట్ మీద పోషకాల పట్టిక ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. టెలికాం కంపెనీలని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ పెట్టిన నిబంధన ఇది, మొబైల్ ప్లాన్లకీ వర్తిస్తుంది. నెల ధర, అదనపు ఫీజులు, డేటా పరిమితి అన్నీ అందులో ఉంటాయి. పోస్టరు పక్కన పెట్టి ఆ లేబుల్ చూసి లెక్క వేయండి. పోస్టర్లలో కనిపించే ధర తరచూ ఆటోపే (నెలనెలా బిల్లు దానంతటదే కట్టే పద్ధతి) తగ్గింపుని ముందే కలుపుకుని చూపించేది. ఆ తగ్గింపు పూర్తిగా రావాలంటే బ్యాంకు ఖాతా నుంచి కట్టమని అడుగుతారు, క్రెడిట్ కార్డు పెడితే తగ్గడమో, పోవడమో జరుగుతుంది.

3. ఇండియా నుంచి తెచ్చిన ఫోను పనిచేస్తుందేమో చూడండి

చాలామందికి కొత్త ఫోను అవసరమే ఉండదు. ఇండియాలో కొన్న ఐఫోన్లు, శాంసంగ్, పిక్సెల్ పెద్ద మోడళ్లు ఇక్కడ సాధారణంగా బాగానే పనిచేస్తాయి. ఇబ్బంది వచ్చేది ఎక్కువగా ఇండియా మార్కెట్ కోసమే చేసిన బడ్జెట్ ఫోన్లతో. రెండు కారణాలు. ఒకటి, బ్యాండ్లు, అంటే సిగ్నల్ వచ్చే ఫ్రీక్వెన్సీలు. టీ-మొబైల్‌కి ఊరి బయట ఆధారం బ్యాండ్ 71, వెరైజాన్‌కి బ్యాండ్ 13. ఇవి మీ ఫోనులో లేకపోతే సిటీలో సిగ్నల్ ఉంటుంది, ఇంటి లోపలికి వెళ్లగానే, హైవే ఎక్కగానే పోతుంది. రెండు, కాల్స్. ఇక్కడి మూడు కంపెనీలూ 2022లో 3జీని మూసేశాయి. కాల్ చేయాలంటే ఫోనులో వోల్ట్ (VoLTE, అంటే 4జీ మీదే కాల్ వెళ్లే పద్ధతి) ఉండాలి. ఏటీ అండ్ టీ తన దగ్గర ఆమోదించిన ఫోన్ల జాబితాలో లేని ఫోనుని కాల్స్‌కి అనుమతించకపోవచ్చు.

*#06# నొక్కితే ఐఎమ్‌ఈఐ నంబర్, అంటే ఆ ఫోను గుర్తింపు సంఖ్య, వస్తుంది. దాన్ని ఆయా కంపెనీల వెబ్‌సైట్‌లో ‘మీ సొంత ఫోను తెచ్చుకోండి’ అనే చోట పెట్టి చూడండి. విమానం ఎక్కక ముందే ఇండియాలో కూర్చుని చేయగలిగిన పని ఇది.

సిమ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకి సిమ్ ట్రే లేదు, ఈసిమ్ (ఫోను లోపలే ఉండే డిజిటల్ సిమ్) మాత్రమే. ఇండియాలో అమ్మే మోడళ్లకి, ఐఫోన్ ఎయిర్ మినహా, ట్రే ఉంది, ఈసిమ్ కూడా ఉంది. బ్యాంకు ఓటీపీల కోసం ఇండియా నంబరు బతికి ఉండాలి కదా. ఇండియా ఐఫోన్ అయితే ట్రేలో ఇండియా సిమ్, ఈసిమ్‌లో అమెరికా నంబర్, రెండూ హాయిగా ఉంటాయి. అమెరికా ఐఫోనే కొనాలనుకుంటే ఇండియా సిమ్‌ని ఈసిమ్‌గా మార్చుకునే పని బయలుదేరే ముందే, ఇంట్లో ఉండగానే ఎలా చేయాలో కనుక్కోండి. సముద్రం దాటాక ఆ పని మొదలుపెడితే, మార్పుకి కావాల్సిన ఓటీపీ కూడా ఆ సిమ్‌కే వస్తుంది, ఆ సిమ్ పెట్టడానికి ఫోనులో చోటు ఉండదు.

4. తెలియనివాళ్ల ‘ఫ్యామిలీ ప్లాన్’లో చేరే ముందు

మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రోజూ కనిపించే మెసేజ్: ‘ఫ్యామిలీ ప్లాన్‌లో రెండు లైన్లు ఖాళీ ఉన్నాయి, నెలకి 30’. ఐదారుగురు ముక్కూమొహం తెలియనివాళ్లు ఒకే ఖాతా కింద చేరతారు. డబ్బు మిగులుతుంది, కాదనను. సిమ్ మాత్రమే తీసుకుని, ఫోను మీదే అయితే పెద్దగా ప్రమాదం లేదు. ఆ ఖాతా మీద ఫోను కూడా కొనడమే ఇబ్బంది.

ఖాతా యజమాని ఒక్కడే. అప్పు అతని పేరు మీద ఉంటుంది, బిల్ క్రెడిట్లు అతని ఖాతాలోకి వస్తాయి, మీ నంబరుని వేరే కంపెనీకి మార్చుకోవడానికి కావాల్సిన పిన్ కూడా సాధారణంగా అతని చేతిలోనే ఉంటుంది. డాలస్ దగ్గర మా పరిచయస్థుల అబ్బాయి ఇలాంటి ప్లాన్‌లో ఫోను తీసుకున్నాడు. నెలనెలా జెల్ (Zelle, బ్యాంకు ఖాతాల మధ్య డబ్బు పంపే సేవ)లో డబ్బులు పంపేవాడు, ఒక్క నెల తప్పలేదు. ఖాతా యజమాని ఉన్నట్టుండి ఇండియా వెళ్లిపోతూ బిల్లు కట్టడం ఆపేశాడు. లైన్లన్నీ ఒకేసారి ఆగిపోయాయి. ఫోను ఇంకా లాక్‌లో ఉంది కాబట్టి వేరే సిమ్ పడదు. బ్యాంకు, యూనివర్సిటీ, ఇంటర్వ్యూ కాల్స్ అన్నీ ఆ నంబరుకే. కంపెనీకి ఫోన్ చేస్తే ‘ఖాతా మీది కాదు, మేం మాట్లాడలేం’ అన్నారు. వాళ్ల నిబంధన ప్రకారం అది సరైన సమాధానమే, అందుకే మరీ బాధ.

యజమాని వైపు నుంచి చూసినా అంతే. మీ ఖాతా మీద ఎవరికైనా ఫోను ఇప్పించి, వాళ్లు డబ్బులు ఎగ్గొడితే, దెబ్బ పడేది మీ క్రెడిట్ స్కోరుకి. కాబట్టి గ్రూపు ప్లాన్‌లో చేరండి, ఫోను మాత్రం బయట సొంతంగా కొనుక్కోండి. చేరిన రోజే ‘నేను వెళ్లేటప్పుడు ట్రాన్స్‌ఫర్ పిన్ ఇస్తారా’ అని మెసేజ్‌లో అడిగి జవాబు తీసుకోండి.

5. షాపులో, బిల్లు మీద కళ్లు పెట్టండి

ఒకే కంపెనీ బోర్డు పెట్టుకున్నా రెండు రకాల షాపులు ఉంటాయి. ఒకటి కంపెనీ సొంతది. రెండోది ‘అథరైజ్డ్ రిటైలర్’, అంటే డీలర్. బోర్డు మీద ఆ మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది. డీలర్ షాపులో అమ్మకానికి కమిషన్ ఉంటుంది, కొన్నిచోట్ల సొంత ఫీజులు కలుపుతారు, వాపసు ఇవ్వాలంటే అదే షాపుకి వెళ్లాలి. నేనైతే కంపెనీ వెబ్‌సైట్‌లోనే కొనమంటాను. షరతులన్నీ తెర మీద చదువుకోవచ్చు, స్క్రీన్‌షాట్ తీసుకోవచ్చు.

షాపుకే వెళ్తే, టాబ్లెట్ మీద వేలితో సంతకం పెట్టమంటారు. అక్కడ ఆగండి. వివరాల పేజీ చూపించమని అడిగి ఒక్కో వరుసా చదవండి. నాకు తెలిసినవాళ్ల బిల్లుల్లో మళ్లీమళ్లీ చూసిన వరుసలు ఇవి: యాక్టివేషన్ లేదా అప్‌గ్రేడ్ ఫీజు 35 నుంచి 40 డాలర్లు. అడగకుండానే పెట్టిన ఇన్సూరెన్స్. కవరు, స్క్రీన్ గార్డు, చార్జర్ కలిపి ‘బండిల్’. ఒక స్మార్ట్ వాచ్ లేదా ట్యాబ్లెట్ ‘ఫ్రీ’గా, దాని కోసం ఇంకో కొత్త లైన్, ఆ లైన్‌కి నెలనెలా అద్దె. ఈ ఆఖరిదాన్ని బాగా గుర్తుపెట్టుకోండి. ట్యాబ్లెట్ ఫ్రీయే, దాని లైన్ ఫ్రీ కాదు. లైన్ తీసేస్తే ట్యాబ్లెట్ బాకీ మీద పడుతుంది.

ఇన్సూరెన్స్ మంచిదా కాదా అన్నది మీరు ఫోనుని ఎంత జాగ్రత్తగా వాడతారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఖరీదైన ఫోన్లకి నెలకి 15 డాలర్లు, అంతకన్నా ఎక్కువ కూడా పడొచ్చు. క్లెయిమ్ చేసినప్పుడు పైన ఇంకా డిడక్టిబుల్ (మీ వాటా డబ్బు) కట్టాలి. నెలనెలా ఫోను బిల్లు కట్టడానికి వాడే కొన్ని క్రెడిట్ కార్డులు ఉచితంగానే ఫోనుకి రక్షణ ఇస్తాయి. ముందు మీ కార్డు నిబంధనలు చూడండి.

వాయిదాలంటే క్రెడిట్ చెక్ తప్పదు. ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) లేనివాళ్లని, ఉన్నా క్రెడిట్ చరిత్ర లేనివాళ్లని డిపాజిట్ అడుగుతారు, లేదా ఫోనుకి డౌన్ పేమెంట్ పెంచుతారు. అమెరికా వచ్చిన మొదటి నెలలో ఆ తంటా అక్కర్లేదు. ప్రీపెయిడ్‌కి క్రెడిట్ చెక్ ఉండదు. ఏడాది తర్వాత స్కోరు వచ్చాక ఏ డీల్ అయినా మీ పేరు మీదే దొరుకుతుంది.

బయటికి వచ్చే ముందు మూడు వివరాలు కాగితం మీదో, ఈమెయిల్‌లోనో మీ చేతిలో ఉండాలి: ఆఫర్ పేరు, మొత్తం క్రెడిట్ ఎంత, ఎన్ని నెలలు. షాపు మనిషి నోటిమాట తర్వాత ఎవరికీ గుర్తుండదు. నచ్చకపోతే వాపసు ఇచ్చే గడువు చాలాచోట్ల 14 రోజులే, వాపసు తీసుకున్నందుకు రీస్టాకింగ్ ఫీజు కూడా పట్టుకుంటారు. కాబట్టి ఫోను తెరిచిన మొదటి వారంలోనే ఇంట్లో, ఆఫీసులో, దారిలో సిగ్నల్ పరీక్షించండి.

6. పాత ఫోను ఇచ్చేటప్పుడు

పాత ఫోను ఇచ్చి కొత్తదాని ధరలో తగ్గించుకోవడమే ట్రేడ్-ఇన్. 800 డాలర్ల ట్రేడ్-ఇన్ అంటే ఆ డబ్బు చేతికి వస్తుందని కాదు. అదీ 36 ముక్కలుగా బిల్లులోనే వస్తుంది. మధ్యలో వెళ్లిపోతే మిగతాది పోయినట్టే, పాత ఫోను ఎలాగూ పోయింది.

పోస్టులో పంపాల్సి వస్తే జాగ్రత్త. పంపిన తర్వాత ‘స్క్రీన్ పగిలి ఉంది’ అని క్రెడిట్ కోత పెట్టిన సందర్భాలు కోకొల్లలు. డబ్బాలో పెట్టేముందు ఫోను ఆన్ చేసి, నాలుగు వైపులా తిప్పుతూ, ఐఎమ్‌ఈఐ కనిపించేలా వీడియో తీయండి. ‘ఫైండ్ మై’ (పోయిన ఫోనుని వెతికే సదుపాయం) ఆపండి, ఐక్లౌడ్ లేదా గూగుల్ ఖాతాల నుంచి సైన్ అవుట్ అవ్వండి, తర్వాతే ఎరేజ్ చేయండి. ‘ఫైండ్ మై’ ఆన్‌లో ఉన్న ఫోనుని వాళ్లు తీసుకోరు. పోస్టాఫీసులో ఇచ్చిన ట్రాకింగ్ రసీదు ఫొటో తీసి ఉంచండి. అవకాశం ఉంటే షాపులోనే చేతికిచ్చి, ‘ఇంత విలువకి తీసుకున్నాం’ అన్న రసీదు తీసుకోవడం అన్నిటికన్నా మేలు.

7. అన్‌లాక్: ఇండియాకి ఫోను తీసుకెళ్లేవాళ్లు తప్పక చదవాల్సింది

అమ్మానాన్నలకి కానుకగా క్యారియర్ డీల్‌లో ఐఫోన్ కొని, హైదరాబాద్‌లో దిగాక జియో పెడితే ‘సిమ్ సపోర్ట్ చేయదు’ అని వస్తుంది. ఇలా జరిగిన కుటుంబాలు నాకు చాలా తెలుసు. నాలుగు వారాల సెలవులో రెండు వారాలు కస్టమర్ కేర్‌తోనే గడిచిపోతాయి.

క్యారియర్ వాయిదాల మీద ఇచ్చే ఫోను సాధారణంగా ఆ కంపెనీ సిమ్‌కే లాక్ అయి ఉంటుంది. ఏటీ అండ్ టీ పోస్ట్‌పెయిడ్‌లో ఫోను 60 రోజులు వాడి ఉండాలి, బాకీ పూర్తిగా తీరి ఉండాలి. టీ-మొబైల్ పోస్ట్‌పెయిడ్‌లో 40 రోజులు వాడకం, బాకీ పూర్తిగా కట్టడం. వెరైజాన్ చాలాకాలం 60 రోజులకి దానంతటదే అన్‌లాక్ చేసేది. ఆ పాత మాట నమ్ముకుని ఇప్పుడు కొనొద్దు, మీరు కొనే రోజు అమల్లో ఉన్న నిబంధన వాళ్ల వెబ్‌సైట్‌లో చదవండి. ప్రీపెయిడ్ బ్రాండ్లలో చవకగా ఇచ్చే ఫోన్లకి లాక్ కాలం ఇంకా ఎక్కువ, కొన్నింటికి ఏడాది దాకా.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అన్‌లాక్ కావాలంటే బాకీ మొత్తం కట్టాలి. ముందుగా కట్టేస్తే మిగతా బిల్ క్రెడిట్లు కొన్ని కంపెనీల్లో ఆగిపోతాయి, కొన్నింటిలో లైన్ ఉన్నంతకాలం వస్తూనే ఉంటాయి. ఈ ఒక్క ప్రశ్నకి జవాబు కొనకముందే చాట్‌లో అడిగి, ఆ చాట్ దాచుకోండి.

ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్లి ‘క్యారియర్ లాక్’ అన్న వరుస చూడండి. ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని ఉంటేనే అన్‌లాక్ అయినట్టు. విమానం ఎక్కడానికి కనీసం మూడు వారాల ముందు ఇది చూసుకోండి. కానుక కోసమైతే క్యారియర్ వైపు వెళ్లకుండా, ఆపిల్ స్టోర్‌లో ‘క్యారియర్ తర్వాత చూసుకుంటాను’ అన్న ఎంపికతోనో, వేరే షాపులో అన్‌లాక్డ్ అని స్పష్టంగా రాసి ఉన్నదో కొనండి. ట్రే లేని అమెరికా ఐఫోన్‌కి ఇండియాలో ఈసిమ్ వేయించాలని, దాని గురించి అమ్మానాన్నలకి ముందే చెప్పాలని మరవద్దు.

బాకీ ఎగ్గొట్టి ఫోను ఇండియాకి పట్టుకెళ్లిపోతే ఏమవుతుందని కొందరు అడుగుతారు. లాక్ అలాగే ఉంటుంది, ఐఎమ్‌ఈఐ బ్లాక్‌లిస్ట్‌లోకి వెళ్తుంది, బాకీ కలెక్షన్ ఏజెన్సీకి పోతుంది. మళ్లీ అమెరికా వచ్చి ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడు ఆ మచ్చ క్రెడిట్ రిపోర్టులో కనిపిస్తుంది. ఆ పని చేయకండి.

8. నంబరు మార్చుకునే క్రమం

పాత లైన్‌ని మీరే రద్దు చేయకండి. రద్దు చేస్తే నంబరు పోతుంది. ముందు పాత కంపెనీ నుంచి ట్రాన్స్‌ఫర్ పిన్ తీసుకోండి. ఏటీ అండ్ టీలో *7678, వెరైజాన్‌లో #7678 డయల్ చేయాలి, టీ-మొబైల్‌లో యాప్‌లో దొరుకుతుంది. ఖాతా నంబర్, పిన్ కొత్త కంపెనీకి ఇస్తే వాళ్లే లాగేసుకుంటారు, పాత లైన్ దానంతటదే ఆగిపోతుంది. మామూలు నంబరు మార్పు ఒక పనిదినంలో అవ్వాలని ఎఫ్‌సీసీ నిబంధన. బ్యాంకు పని, వీసా అపాయింట్‌మెంట్ లాంటివి ఉన్న రోజు మాత్రం పెట్టుకోకండి.

9. మొదటి మూడు బిల్లులు

మొదటి బిల్లు దాదాపు ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. గడిచిన రోజులకి, రాబోయే నెలకి కలిపి వేస్తారు, యాక్టివేషన్ ఫీజు అందులోనే పడుతుంది. కంగారు పడకండి. ప్రోమో క్రెడిట్ మొదలవడానికి ఒకటి నుంచి మూడు బిల్లులు పట్టొచ్చు. మూడో బిల్లులో కూడా క్రెడిట్ గీత కనిపించకపోతే ఇక ఊరుకోకూడదు.

ముందు కంపెనీ చాట్‌లో అడగండి, ఫోన్ కన్నా చాట్ మేలు, రాతలో ఉంటుంది. మీ ఆఫర్ స్క్రీన్‌షాట్, ట్రేడ్-ఇన్ రసీదు పెట్టండి. రెండు మూడుసార్లు తిప్పితే ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లో ‘ఇన్‌ఫార్మల్ కంప్లైంట్’ పెట్టండి. ఉచితం, లాయర్ అక్కర్లేదు, పది నిమిషాల పని. కంపెనీ 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. మామూలు కస్టమర్ కేర్‌లో నెలల తరబడి కదలని కేసు, ఎఫ్‌సీసీ ద్వారా వెళ్లగానే పైస్థాయి మనిషి చేతికి వెళ్తుంది. వీసా మీద ఉన్నవాళ్లు ప్రభుత్వానికి ఫిర్యాదు అంటే వెనకాడతారు. భయపడాల్సిన పనేమీ లేదు, ఇది వినియోగదారుడి హక్కు, మీ ఇమ్మిగ్రేషన్‌తో దానికి సంబంధం లేదు.

ఇండియాకి తిరిగి వెళ్లిపోతుంటే

చివరి నెలలో వరుసగా చేయాల్సినవి ఇవి. ముందు ఫోను బాకీ ఎంతుందో యాప్‌లో చూసి కట్టండి. అన్‌లాక్ అడగండి, అయిందని సెట్టింగ్స్‌లో చూసుకోండి. తర్వాత నంబరు సంగతి. అమెరికా బ్యాంకు, రిటైర్‌మెంట్ ఖాతా, ట్యాక్స్ రీఫండ్ అన్నిటికీ ఓటీపీలు ఆ నంబరుకే వస్తాయి కాబట్టి దాన్ని వదిలేయొద్దు. గూగుల్ వాయిస్‌కి ఒకసారి 20 డాలర్లు కట్టి మొబైల్ నంబరుని మార్చుకోవచ్చు, నెలవారీ ఖర్చు ఉండదు. కొన్ని బ్యాంకులు వాయిస్ నంబర్లకి ఓటీపీ పంపవు. మీ బ్యాంకు ఆ రకమైతే, ఇండియాలో వైఫై కాలింగ్ పనిచేసే చవక ప్రీపెయిడ్ ప్లాన్‌కి నంబరుని మార్చుకుని, ఓటీపీ వస్తోందో లేదో అమెరికాలో ఉండగానే ఒకసారి పరీక్షించుకోండి.